తరిమినవాడికి జలాంతర్గామి, తరిమివేతకు గురైనవాడికి బియ్యం: విదేశాంగ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర విదేశాంగ శాఖ మంత్రిగారికి,

ఒడిశా రాష్ట్రం మల్కన్‌గిరి జిల్లా కలిమెల నుంచి ఒక ఎరువుల దుకాణదారు నమస్కరించి రాస్తున్న లేఖ.

అయ్యా,

ఇంతకు ముందు పంపిన అర్జీలు ఏ బల్ల మీద ఆగిపోయాయో తెలియదు. ఒకదానికి మాత్రం 'మీ సూచన నమోదు చేసుకోవడమైనది' అని ఒక్క వాక్యం వచ్చింది. నేను పంపింది సూచన కాదు, ప్రశ్న: పొరుగు దేశంలో సైన్యం తన జనాన్నే చంపుతుంటే మనం ఎప్పుడు కలగజేసుకోవాలి, ఆ సైన్యానికి సరుకెందుకు పంపాలి? అందుకే ఈసారి కవరు అంటించకుండా నలుగురూ చదివేలా రాస్తున్నాను. యూరియా కొరత గురించి మొర పెట్టుకోవలసినవాడు మయన్మార్ గురించి అడుగుతున్నాడేమిటని మీ సిబ్బంది నవ్వుకోవచ్చు. నవ్వుకోనివ్వండి.

మా జిల్లా పటం ఒకసారి తెప్పించుకుని చూడండి. చాలా చోట్ల ఊళ్లకు పేర్లుండవు, అంకెలుంటాయి. ఎం.వి. 1 (ఎం.వి. అంటే మల్కన్‌గిరి విలేజ్) నుంచి మొదలై వరసగా సాగిపోతాయి. 1964లో తూర్పు పాకిస్తాన్‌లో, అంటే నేటి బంగ్లాదేశ్‌లో, ఖుల్నా నుంచి ఢాకా దాకా హిందువుల మీద దాడులు జరిగినప్పుడు ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాళ్లను రాయపూర్ దగ్గరి మానా శిబిరంలో దించి, దండకారణ్య ప్రాజెక్టు కింద ఇక్కడికి తరలించారు. అడవి కొట్టించారు, భూమి కొలిపించారు, నెంబర్లు వేశారు. పేర్లు పెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది. ఈ నాటికీ సంత దగ్గర ఆటోవాడు 'ఏ నెంబరుకు?' అనే అడుగుతాడు. నా అప్పుల పుస్తకంలోనూ మనిషి పేరు పక్కన ఊరి నెంబరే ఉంటుంది. ఆ ఊళ్లలో ఒక పెద్దాయన సరిహద్దు దాటిన నాడు ఇచ్చిన స్లిప్పును ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును మరో కవరులో పెట్టి దాచుకున్నాడు. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలైంది. ఆధార్ కార్డు చేతిలో ఉన్నా సరే, ఏ కార్యాలయం మెట్లెక్కినా ఆ నాలుగు ముక్కలూ వెంట ఉండవలసిందే.

ఇక ఆ అడవి ఎవరిది? కోయలది. వాళ్లను అడిగిన నాథుడు లేడు. ఖుల్నాలో కత్తి దూసినవాడికీ, శబరి ఒడ్డున ఇప్పపువ్వు ఏరుకునే కోయ ఇల్లాలికీ ఏమిటి సంబంధం? అయినా మూల్యం చెల్లించింది ఆమె. పొరుగు దేశంలో జరిగే ఘోరంలో కలగజేసుకుంటే ఎంత ఖర్చవుతుందో ఢిల్లీలో పైసలతో సహా లెక్క కడతారు. కలగజేసుకోకపోతే ఎంతవుతుందో, అది ఎవరి నెత్తిన పడుతుందో లెక్క కట్టిన పద్దు నేనెక్కడా చూడలేదు. మీ దగ్గర ఉంటే పంపండి.

1971 బంగ్లాదేశ్ యుద్ధం సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఏటా డిసెంబరు 16న మీరే మాకు చెబుతారు. నాకు అర్థం కానిది ఒక్కటే. అప్పుడు పాకిస్తాన్ వినిపించిన వాదన ఏమిటి? ఇది మా ఆంతరంగిక వ్యవహారం, మీకెందుకని. దానికి ఇందిరాగాంధీ ఆ ఏడాది మే 24న లోక్‌సభలో జవాబు చెప్పారు. పాకిస్తాన్ తన ఆంతరంగిక సమస్య అని చెప్పుకుంటున్నది మన ఆంతరంగిక సమస్యగా కూడా మారిపోయిందన్నారు. దాదాపు కోటిమంది శరణార్థులు గడప తొక్కారు మరి. దేశదేశాలూ తిరిగి చెప్పి చూశారు. డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితి సర్వసభలో 104 దేశాలు కాల్పులు ఆపి సైన్యాన్ని వెనక్కి తీసుకోమని ఓటేస్తే, కాదన్నవి పదకొండే. అయినా ఆగలేదు. ఢాకా లొంగింది, 1972 మార్చి కల్లా మన సైన్యం తిరిగి వచ్చేసింది. పాకిస్తాన్ రెండు ముక్కలైతే మనకు లాభం కాదా అని దెప్పేవాళ్లున్నారు. లాభమే, ఎవరు కాదన్నారు? లాభం కలిగినంత మాత్రాన లక్షల ప్రాణాలు నిలిచిన సంగతి అబద్ధమైపోదు.

ఆ 104 దేశాల మాట విని ఆగి ఉంటే మా జిల్లాలో ఇంకెన్ని వందల నెంబర్లు పడేవో! ఇంకెంత అడవి పోయేదో!

అలాంటి దేశం ఇవాళ మయన్మార్ విషయంలో ఏం చేస్తోంది? సైన్యాన్ని పంపలేదని నా ఫిర్యాదు కాదు, దయచేసి తొందరపడకండి. 2017 ఆగస్టు తర్వాత అక్కడి సైన్యం దాడులకు తాళలేక ఏడు లక్షలకు పైగా రోహింగ్యా ముస్లింలు మయన్మార్ నుంచి బంగ్లాదేశ్‌కు పారిపోయారు. మయన్మార్ సేనాధిపతులను జాతిహననం ఆరోపణ మీద విచారించాలని ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2018లో చెప్పింది. రోహింగ్యాలను కాపాడే చర్యలు తీసుకోవాలని 2020 జనవరి 23న అంతర్జాతీయ న్యాయస్థానం మయన్మార్‌ను ఆదేశించింది. ఆ ఆదేశానికి ఏడాది నిండకుండానే మనం ఆ సైన్యానికి ఏం పంపాం? జలాంతర్గామి! ఐ.ఎన్.ఎస్. సింధువీర్. అదీ మా విశాఖపట్నం షిప్‌యార్డులో చక్కగా మరమ్మతు చేయించి మరీ.

అయ్యా, విశాఖ మాకు ఆసుపత్రి ఊరు. ఒంట్లో బాగాలేకపోతే మేము వెళ్లేది అక్కడికే. పనయ్యాక బీచ్ రోడ్డులో 1971 విజయ స్తూపం దగ్గర కాసేపు కూర్చుని వస్తాం. పిల్లలకు పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కథ చెబుతాం. ఢాకాలో జనాన్ని చంపుతున్న ప్రభుత్వం పంపిన నౌక మన తీరంలో మునిగిపోయిందని గర్వంగా చెబుతాం. అదే సముద్రం మీదుగా, తన జనాన్ని తానే చంపుకుంటున్న మరో ప్రభుత్వానికి మనం నౌక పంపామని ఏ పిల్లవాడికి చెప్పమంటారు? 2020 డిసెంబరు 24న మయన్మార్ నౌకాదళం దాన్ని తమలో చేర్చుకుంది. 2021 ఫిబ్రవరి 1న ఆ సైన్యమే ఎన్నికైన ప్రభుత్వాన్ని కూల్చి అధికారం లాక్కుంది. మన కానుకకు కృతజ్ఞత ఎంత త్వరగా చూపించారో చూశారా?

మరోవైపు 'ఆపరేషన్ ఇన్సానియత్' పేర బంగ్లాదేశ్ శిబిరాలకు బియ్యం, పప్పు పంపారు. మంచి పనే, కాదనను. కానీ తరిమినవాడికి జలాంతర్గామి, తరిమివేతకు గురైనవాడికి బియ్యం, పప్పు పంపే ఈ విధానానికి మీ శాఖలో ఏమని పేరు పెట్టారో తెలుసుకోవాలని ఉంది.

2021 జూన్ 18న సర్వసభ తీర్మానం చేసింది. మయన్మార్‌లోకి ఆయుధాలు వెళ్లకుండా చూడమన్నది అందులో ఒక మాట. 119 దేశాలు సరేనన్నాయి. మనం ఓటింగుకు దూరంగా ఉన్నాం. పొరుగు దేశాలను సంప్రదించకుండా తొందరపడ్డారన్నది మనం చెప్పిన కారణం. సరే, తొందర తగ్గేదాకా ఆగుదాం. 2022 డిసెంబరులో భద్రతా మండలి అధ్యక్ష స్థానంలో మనమే ఉన్నాం. మయన్మార్‌లో హింస ఆపాలని, రాజకీయ ఖైదీలను విడిచిపెట్టాలని తీర్మానం వచ్చింది. మళ్లీ దూరమే. ఆ సైనిక తిరుగుబాటు తర్వాత భారత్‌లోని సంస్థల నుంచి 5.1 కోట్ల డాలర్ల ఆయుధాలు, సామగ్రి అక్కడి సైన్యానికి చేరాయని ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి 2023లో నివేదిక ఇచ్చారు. సైన్యం పంపి ఆపాలా వద్దా అన్న చర్చ తర్వాత చూసుకుందాం. ముందు సరుకు పంపడం ఆపవచ్చు కదా? నేను ఎరువులు అమ్ముకునేవాడిని. పొలానికి కాక మరో పనికి వాడతాడని తెలిసినవాడికి నేను మందు డబ్బా ఇస్తే పోలీసులు ముందు నా కొట్టు తలుపే తడతారు.

చైనా ఉంది, ఈశాన్యంలో తిరుగుబాటు దళాలున్నాయి, అక్కడ మనం కట్టించిన సిత్వే ఓడరేవు ఉంది, సైన్యంతో తెగతెంపులు చేసుకుంటే అన్నీ చైనా చేతిలోకి పోతాయని మీరనవచ్చు. తెలుసు. పూర్వం మా తెలుగు కూలీలు ఓడలెక్కి రంగూన్, అక్యాబ్ పోయి గోదాముల్లో బస్తాలు మోశారు. ఆ అక్యాబే నేటి సిత్వే. ఆ దేశం మాకు పటంలో చుక్క కాదు. 1971లో మాత్రం అడ్డంకులు తక్కువా? అమెరికా తన నౌకాదళాన్ని బంగాళాఖాతంలోకి పంపింది.

వెళితే అన్నీ చక్కబడతాయని నేను నమ్మను. శ్రీలంక చూశాం. 1987లో శాంతి కాపాడతామని వెళ్లి, ఒప్పందానికి ఒప్పించవలసిన తమిళ పులులతోనే యుద్ధం చేసి, సుమారు 1,200 మంది సైనికులను పోగొట్టుకుని 1990 మార్చిలో తిరిగొచ్చాం. ఆ చేదు మిగిలి, 2009లో అక్కడి చివరి యుద్ధంలో వేలాది తమిళ పౌరులు సముద్రానికీ ఫిరంగులకూ మధ్య చిక్కినప్పుడు గట్టిగా నోరు మెదపలేదు. మొదటి తప్పుకు రెండోది విరుగుడా? లిబియా మీద 2011లో ఓటింగుకు దూరంగా ఉన్నారు. అక్కడ మీ లెక్కే సరైంది. పౌరులను కాపాడతామని బాంబులు వేసినవాళ్లు గడాఫీ పోయాక దేశాన్ని సాయుధ ముఠాలకు వదిలేసి వెళ్లారు. మరి రువాండా? 1994 ఏప్రిల్‌లో ఊచకోత మొదలైన రెండు వారాలకు భద్రతా మండలి అక్కడున్న శాంతిదళాన్ని పెంచలేదు సరికదా, 270 మందికి కుదించింది. వంద రోజుల్లో సుమారు ఎనిమిది లక్షల మంది పోయారు. అక్కడికి ఎవరైనా వెళ్లి ఉంటే అదీ తప్పే అనగలరా?

కాబట్టి నా అభిప్రాయం దాచను. వెళ్లవలసిన రోజు ఒకటుంటుంది. చాలా అరుదుగా ఉంటుంది. మిగతా దారులన్నీ మూసుకుపోయి, చావులు ఇంకా ఆగని రోజు. వెళ్లినవాడు తిరిగి రావాలి, అక్కడ గుడారం వేసుకుని కూర్చోకూడదు. కంబోడియాలో లక్షలాది జనాన్ని చంపించిన పోల్‌పాట్‌ను 1979 జనవరిలో దించిన వియత్నాం మంచి పనే చేసింది, కానీ 1989 దాకా కదలలేదు. మనం మూడు నెలల్లో వచ్చేశాం. ఇంత మంచి ఉదాహరణ చేతిలో ఉంచుకుని, దాన్నొక నియమంగా మార్చి లోకానికి చెప్పలేని మొహమాటం దేనికి? 2005లో న్యూయార్క్‌లో ప్రపంచ నాయకులంతా జాతిహననం నుంచి జనాన్ని కాపాడే బాధ్యత మాకుందని ఒప్పుకున్నప్పుడు మనమూ ఒప్పుకున్నాం. ఒప్పుకున్నట్టు గుర్తుందా, లేక అదీ నమోదు చేసుకుని ఊరుకున్నామా?

సైన్యం పంపడం కుదరదు, సరే. కనీసం పారిపోయి వచ్చినవాడి ముఖాన తలుపు వేయకండి. 2018 అక్టోబరులో ఏడుగురు రోహింగ్యా మగవాళ్లను పట్టుకుపోయి మయన్మార్ అధికారుల చేతికే అప్పగించారు. 2021లో మయన్మార్‌లోని చిన్ తెగ ప్రజలు ప్రాణభయంతో వస్తుంటే రానివ్వవద్దని కేంద్రం రాసింది. మిజోరం ప్రజలు ఆ ఉత్తరం పక్కన పెట్టి అన్నం పెట్టారు. శరణార్థులకు ఒక చట్టమంటూ ఇప్పటికీ ఈ దేశంలో లేదు. వచ్చినవాళ్లను ఎక్కడ పెడతారంటారా? మళ్లీ ఏ కోయవాడి అడవిలోనో పడేయమని నేను అనను, ఆ పాఠం మా జిల్లా చూస్తే అర్థమవుతుంది. ముందు వినండి, లెక్క రాయండి, కాగితం ఇవ్వండి, చంపేవాడి చేతికి మాత్రం తిప్పి పంపకండి.

నేను అడిగేవి పెద్దవేమీ కాదు. ఏ పరిస్థితుల్లో వెళతామో, ఏ పరిస్థితుల్లో వెళ్లమో పార్లమెంటులో ఒక ప్రకటన చేయండి. మయన్మార్ సైన్యానికి 2021 తర్వాత ఇక్కడి నుంచి ఏం వెళ్లిందో జాబితా బయట పెట్టండి. ఇకపై వెళ్లదని చెప్పండి. చెప్పలేకపోతే ఎందుకు చెప్పలేరో అదైనా చెప్పండి. జాబితా బయట పెట్టడానికి ఒక్క సైనికుడు కూడా సరిహద్దు దాటనక్కర్లేదు కదా.

జవాబు తెలుగులోనే కావాలని పట్టుబట్టను. ఒడియా మా వీధిలో అందరికీ వచ్చు, హిందీ మా పిల్లలు చదువుతారు, ఇంగ్లీషైతే చింతూరు వెళ్లి చదివించుకుంటాను. వచ్చే పార్లమెంటు సమావేశాలు ముగిసేలోగా పంపండి.

ఇట్లు,
ఎరువుల దుకాణదారు,
సంత వీధి, కలిమెల, మల్కన్‌గిరి జిల్లా