మా రొయ్యకు అడంగల్ రాయించండి: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర మత్స్యశాఖ మంత్రి గారికి,

నెల్లూరు జిల్లా అల్లూరు మండలం నుంచి ఒక ఆక్వా రైతు నమస్కరించి రాసుకునేది.

కరెంటు రేటు గురించో, మేత ధర గురించో, అమెరికా సుంకాల గురించో రాస్తున్నానని అనుకుంటారేమో. అవి మా సంఘాల వాళ్లు ఎటూ అడుగుతూనే ఉన్నారు. నేను అడిగేది వేరే. ఇట్లాంటి అర్జీ ఇంతకుముందు మీ టేబుల్ మీదికి వచ్చి ఉండదనుకుంటా.

ముందు నా సంగతి చెబుతాను. నాకు పక్కపక్కనే రెండు చెరువులు, మధ్యలో గట్టు ఒక్కటే అడ్డం. పోయిన వేసవి క్రాప్‌కు ఒకే హ్యాచరీ నుంచి సీడ్ (రొయ్య పిల్లలు) తెచ్చి, రెండింటిలోనూ ఒకే రోజు వదిలాను. నీళ్లూ ఒకటే, మేతా ఒకటే. యాభై రోజులు దాటాక మొదటి చెరువులో రొయ్య ఎదగడం ఆగిపోయింది. చెక్ ట్రేలో మేత మిగిలిపోతోంది, నీళ్ల మీద తెల్లటి రెట్ట తీగలు తీగలుగా తేలుతోంది. రెండో చెరువులో రొయ్య మాత్రం నిక్షేపంగా తింటోంది. రెండింటి నుంచీ శాంపిల్ పట్టుకెళ్లి ల్యాబ్‌లో ఇచ్చాను. రెండింటికీ ఈహెచ్‌పీ (రొయ్య లివర్‌లో చేరే ఒక సూక్ష్మజీవి) పాజిటివ్ అని రిపోర్టు! మొదటి చెరువును 120 కౌంట్‌కే (కిలోకు 120 రొయ్యలు) తెగనమ్ముకున్నాను. రెండోది 45 కౌంట్‌దాకా లాక్కొచ్చాను.

అదే సీడ్, అదే జబ్బు. మరి ఒకటి ఎందుకు చితికింది, ఇంకోటి ఎట్లా నిలబడింది అని ల్యాబ్ కుర్రాణ్ణి అడిగాను. "జబ్బు ఉందా లేదా అంతవరకే మా మిషన్ చెప్తుందన్నా" అన్నాడు. వాడి తప్పేం లేదు. ఇంట్లో దొంగ ఉన్నాడో లేడో ఆ మిషన్ చేసే పీసీఆర్ పరీక్ష చెబుతుంది. ఇంటివాళ్లు మేలుకుని కర్ర పట్టుకున్నారా, ముసుగు తన్ని పడుకున్నారా అన్నది దానికి తెలియదు.

మా అన్న కూతురు ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదివింది. "చిన్నాయనా, నువ్వు అడిగేది రొయ్య జీన్స్ గురించి. అన్నీ కాదు, ఆ రోజు ఏవి పనిచేస్తున్నాయో వాటి గురించి" అంది. నాకు ఒక పట్టాన ఎక్కలేదు. రెండు మూడు రోజులు చెప్పించుకున్నాక, నాకు తెలిసిన లెక్కలోకి దించుకున్నాను.

ఊళ్లో సర్వే నంబర్లన్నీ ఎఫ్‌ఎంబీలో (పొలం కొలతల పుస్తకంలో) ఉంటాయి. ఆ కొలతలు మాటిమాటికీ మారేవి కావు. ఏ నంబర్లో ఈ ఏడు ఏం వేశారు, ఎంత వేశారు, ఏది బీడు పెట్టారు అన్నది మాత్రం అడంగల్ చూస్తేనే తెలుస్తుంది. రొయ్యలో ప్రతి కణంలోనూ జీన్స్ మొత్తం ఉంటాయి, అది ఎఫ్‌ఎంబీ. మేం పెంచే వనామీ రకం రొయ్యకు ఆ పని అయిపోయింది. చైనా శాస్త్రవేత్తలు చదివి 2019లో ప్రచురించారు, పాతిక వేలకు పైగా జీన్స్ తేలాయి. కానీ ఆ పాతిక వేలూ అన్నిచోట్లా ఒకే తీరుగా పనిచేయవు. లివర్‌లో పనిచేసేవి వేరు (పుస్తకాల్లో హెపాటోపాంక్రియాస్ అంటారు, మాకు లివరే), మొప్పల్లో వేరు. జబ్బు తగిలిన రోజు వేరు, మౌల్టింగ్ (పెంకు విడిచే) రోజు వేరు. పనిచేసే జీన్ నుంచి ఆర్‌ఎన్‌ఏ అనే నకలు పుడుతుంది. ఆ నకళ్లన్నీ పోగేసి చదివితే అదీ రొయ్య అడంగల్.

ఈ చదువు కొత్తదేం కాదు. ఆర్‌ఎన్‌ఏ నిలవ ఉండే సరుకు కాదు కాబట్టి దాన్ని డీఎన్‌ఏగా తిరగరాసి చదువుతారు. వెనకట ఒక్కో ముక్కనూ విడిగా తీసి, కొసనుంచి కొన్ని వందల అక్షరాలు మాత్రం చదివేవాళ్లు. అట్లా ఓపికగా టైగర్ రొయ్యలో పదివేలకు పైగా ముక్కలు చదివి థాయిలాండ్ వాళ్లు 2006లో ప్రచురించారు. తెల్లమచ్చ వైరస్ మా జిల్లాలో టైగర్ చెరువుల్ని ముంచింది 1994-95లో. వాళ్లకూ అదే వైరస్ తగిలింది. వాళ్లు జీన్స్ చదివారు, మేం చెరువులు ఎండగట్టుకుని కూర్చున్నాం. ఇప్పటి మిషన్లు ఒక్క విడతలో కోట్ల ముక్కలు చదివేస్తున్నాయి, ఏ జీన్ నకళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కతో సహా.

దీనితో మాకేం ఒరుగుతుందంటారా? ఈహెచ్‌పీ సంగతే చూడండి. దాని జీన్స్ చదివిన వాళ్లకు 2017లో ఒక విచిత్రం కనపడింది. చక్కెరను విరగ్గొట్టి శక్తి తీసుకునే జీన్స్ దాదాపు అన్నీ అది ఎప్పుడో పోగొట్టుకుంది. రొయ్య కణంలో దూరి, అక్కడ తయారైన శక్తినే లాక్కుని బతుకుతుంది. అప్పు చేసి నేను వేసిన మేతలో దానికీ వాటా ఉందన్నమాట. కౌలు కట్టే రకం కూడా కాదు, కబ్జాదారు. మరి నా రెండో చెరువులో రొయ్య ఆ కబ్జాను ఎట్లా తట్టుకుంది? లివర్ త్వరగా కోలుకుందా, అసలు రోగమే తక్కువ పట్టిందా? ఆ రోజు రెండు చెరువుల రొయ్యల్నీ చదివి ఉంటే ఎక్కడ వెతకాలో అయినా తెలిసేది. ఆ రొయ్య ఐస్ బాక్సుల్లో పడి ఎప్పుడో ఎక్స్‌పోర్ట్ అయిపోయింది.

ఇంకొకటి. రొయ్యకు మనలాగా యాంటీబాడీలు లేవు, మనుషుల తరహా టీకా దానికి కుదరదు. పెనిడిన్, క్రస్టిన్ లాంటి చిన్న ప్రోటీన్లు దాని ఆయుధాల్లో కొన్ని. వాటిని పెంచుతామంటూ మందుల షాపులో "ఇమ్యూనిటీ" డబ్బాలు వరసగా పేర్చి ఉంటాయి. నేనూ కొన్నాను, చాలానే కొన్నాను. డబ్బా వేసిన చెరువులో ఏ జీన్ ఎంత పెరిగిందో చూపించమంటే చూపించినవాడు లేడు. జీన్ పెరిగినంత మాత్రాన రొయ్య బతికినట్టు కాదు, ఆ మాట మా పిల్లే చెప్పింది. కానీ అదీ పెరగనప్పుడు ఆ డబ్బాకు డబ్బు ఎందుకు?

ఇక అసలు చిక్కు ఎక్కడంటే, మేం రొయ్యను ల్యాబ్‌కు తీసుకెళ్లే పద్ధతి. కవర్లో వేసి, నాలుగు ఐసు ముక్కలు పడేసి, బండి మీద గంట ప్రయాణం. పీసీఆర్‌కు అది చాలు. ఆర్‌ఎన్‌ఏకు చాలదు. చచ్చిన రొయ్య దేనికీ పనికిరాదు, అందులోనూ లివర్ నిండా జీర్ణరసాలే. గట్టు మీదే బతికున్న రొయ్యను కోసి, ముక్కను అప్పటికప్పుడు నిలవ ద్రవంలోనో ద్రవ నైట్రోజన్‌లోనో వేసి, తర్వాత మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. మెషిన్లు ఎన్ని కోట్లవి కొన్నా, ఈ మొదటి పది నిమిషాలు చెడితే అంతా చెడినట్టే.

అందుకే కొత్త భవనం అడగడం లేదు, శిలాఫలకం అంతకన్నా వద్దు. ముత్తుకూరు కళాశాలలో అట్లాంటి ఫ్రీజర్ ఒకటి, ఈ పని కోసమే, జనరేటర్‌తో సహా పెట్టించండి. గట్టు మీదికి వచ్చి శాంపిల్ తీయగల పిల్లల్ని కొందరిని తయారు చేయించండి. ఇటు విడవలూరు, ఇందుకూరుపేట, అటు ప్రకాశంలో కొత్తపట్నం దాకా, ఎక్కడ జబ్బు అని ఫోన్ వచ్చినా వెళ్లాలి. జబ్బు చెరువుదే కాదు, పక్కన బాగున్న చెరువుదీ తీయాలి. సీడ్ వదిలి ఎన్ని రోజులైంది, ఉప్పు శాతం ఎంత, మౌల్టింగ్ మీద ఉందా, మేత ఎప్పుడు వేశారు, ఇవన్నీ రాసుకోవాలి, లేకపోతే జబ్బు వల్ల మారిందేదో మౌల్టింగ్ వల్ల మారిందేదో తేలదు. చదివే పని చెన్నైలో సీబా (కేంద్ర ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ) వాళ్లకు అప్పజెప్పండి, నెల్లూరు నుంచి వాళ్లేం దూరం కాదు. లెక్కలన్నీ ఫరీదాబాద్‌లో 2022లో మొదలైన ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్‌లో అందరికీ అందేట్టు పెట్టండి. రైతు పేరు మాత్రం బయటికి రానీయకండి. ఫలానా వాడి చెరువులో జబ్బు అని పొక్కితే ఆ సాయంత్రానికే కొనేవాడు రేటు తగ్గిస్తాడు.

ఇంకో మాట. వనామీ మన రొయ్య కాదు, పసిఫిక్‌ది. తల్లి రొయ్యలు ఎక్కువగా విమానంలో వచ్చి చెన్నైలో క్వారంటైన్ అయ్యాకే హ్యాచరీకి చేరతాయి. మేం ఏం కనిపెట్టినా, ఏ తల్లిని ఉంచాలి ఏ తల్లిని తీసేయాలి అన్నది మన చేతిలో లేదు. మన సముద్రపు తెల్ల రొయ్య, ఇండికస్, అట్లా కాదు. దాని జీనోమ్‌ను సీబా వాళ్లే చదివారు, జాతి మెరుగుపరిచే కార్యక్రమం కూడా కేంద్రం మొదలుపెట్టింది. అడంగల్ రాసేటప్పుడు దాన్ని మరిచిపోవద్దని మనవి.

ఫిబ్రవరిలో మళ్లీ సీడ్ వదులుతాను, అవే రెండు చెరువుల్లో. గట్టు మీద షెడ్డు ఉంది, కరెంటు ఉంది. పిల్లల్ని పంపించండి. శాంపిల్‌కు కావాల్సిన రొయ్య నాది, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో.

ఇట్లు,
ఇసకపల్లి దగ్గర ఒక ఆక్వా రైతు