పిల్లలతో మెక్సికోకా? ఈ సంగతులూ అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

ఇంటిల్లిపాదీ మెక్సికో చుట్టివచ్చిన ఓ చిన్నారి అనుభవాలను మీ ఆదివారం సంచికలో వేసినందుకు ఎంతో సంతోషం. పిరమిడ్లు, నీలిరంగు నీటి బావులు, వీధిలో కాల్చిన మొక్కజొన్న పొత్తులు అన్నీ పిల్లల కంటితో చూపించారు. అది చదివి ‘మనమూ వెళ్దాం’ అని పట్టుబట్టే పిల్లలు తప్పక ఉంటారు. వాళ్ల అమ్మానాన్నలకు అక్కరకొచ్చే వివరాలు కూడా పక్కనే ఇచ్చి ఉండాల్సింది. ఆ లోటు తీర్చడానికే ఈ ఉత్తరం.

ముందు వీసా. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి మెక్సికో వీసా కావాలి. అయితే అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్, షెంజెన్ (చాలా ఐరోపా దేశాలకు పనికొచ్చే ఉమ్మడి వీసా) వీసాల్లో ఏదో ఒకటి చెల్లుబాటులో ఉంటే వేరే వీసా అక్కర్లేదు. ఈ వెసులుబాటు ఎవరికి వారికే. తల్లిదండ్రుల వీసా చూపించి పిల్లలను తీసుకెళ్లలేరు. గరిష్ఠంగా 180 రోజులు ఉండనిస్తారు గానీ, ఎన్ని రోజులకు అనుమతి ఇచ్చారో దిగగానే పాస్‌పోర్టు తనిఖీ కౌంటరు దగ్గరే చూసుకోవాలి.

మెక్సికో సిటీ సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తులో ఉంది. దిగిన మొదటి రోజు పిల్లలకు తలనొప్పి రావచ్చు, ఆయాసం రావచ్చు, అన్నం సయించకపోవచ్చు. చాలామంది మర్నాడు ఉదయమే నగరానికి దగ్గర్లోని ప్రాచీన పిరమిడ్ల ఊరు తియోతివాకాన్‌కు బయల్దేరి పొరపాటు చేస్తారు. అక్కడి పిరమిడ్ల మధ్య సాగే ‘మృతుల వీధి’ పొడవు రెండు కిలోమీటర్లకు పైనే, దారిలో ఎక్కడా నీడ ఉండదు. ఆ ప్రయాణం మూడో రోజుకు పెట్టుకుని, ముందు చాపుల్తెపెక్ తోటలో ఉన్న మానవశాస్త్ర మ్యూజియం చూపించండి. ఆజ్టెక్‌లు చెక్కిన గుండ్రటి పెద్ద రాయి, సుమారు 24 టన్నుల సూర్యశిల అక్కడే ఉంది. మ్యూజియానికి సోమవారం సెలవు. ఆదివారం మెక్సికన్లకు ప్రవేశం ఉచితం కాబట్టి జనం కిక్కిరిసిపోతారు. తియోతివాకాన్‌లో పిరమిడ్ ఎక్కనిచ్చే నియమాలు తరచూ మారుతున్నాయి, అందుకని ‘పైకి ఎక్కిస్తాం’ అని పిల్లలకు ముందే మాట ఇవ్వకండి.

చాలా కుటుంబాలను బోల్తా కొట్టించేది గడియారం. సముద్రతీర విహార నగరం కాన్‌కున్ ఉన్న కింతానా రో రాష్ట్రం 2015లో తన సమయాన్ని గంట ముందుకు జరుపుకుంది. మాయా నాగరికత నాటి పిరమిడ్ ఉన్న చిచెన్ ఇట్జా యుకతాన్ రాష్ట్రంలో ఉంది, ఆ రాష్ట్రం జరుపుకోలేదు. కాన్‌కున్ నుంచి చిచెన్ ఇట్జాకు దూరం సుమారు 200 కిలోమీటర్లు, రోడ్డు మీద రెండున్నర గంటలు. వెళ్లేటప్పుడు ఒక గంట కలిసొస్తుంది, తిరిగొచ్చేటప్పుడు అదే గంట పోతుంది. చిచెన్ ఇట్జాలో మధ్యాహ్నం ఒంటిగంటకు బయల్దేరితే కాన్‌కున్ చేరేసరికి అక్కడ నాలుగున్నర. సాయంత్రం విమానం తప్పేది ఇలాగే. డ్రైవరు సమయం చెబితే అది ఏ ఊరి సమయమో అడిగి తెలుసుకోండి. చిచెన్ ఇట్జా టికెట్టులో రెండు రుసుములున్నాయి, ఒకటి కేంద్రానిది, ఇంకొకటి రాష్ట్రానిది. ఒకటి కట్టేసి లోపలికి వెళ్లబోతే వెనక్కి పంపుతారు.

ఆ నీటి బావులను సెనోతేలు అంటారు. నేల కింది సున్నపురాయి గుహల పైకప్పు కూలినచోట ఏర్పడ్డాయి. నీళ్లు పాడవుతాయని చాలా చోట్ల సన్‌స్క్రీన్ రాసుకోనివ్వరు, స్నానం చేశాకే దిగనిస్తారు. కాబట్టి పిల్లలకు పొడుగు చేతుల ఈత దుస్తులు వేయండి. చాలావాటిలో మెట్లు దిగగానే లోతు మొదలవుతుంది. ఈత వచ్చిన పిల్లలకైనా లైఫ్ జాకెట్ ఉండాలి. నీళ్లు చల్లగా ఉంటాయి, పెదవులు వణకడం మొదలైతే వెంటనే బయటికి తీయాలి.

శాకాహారులైతే ఇంకొంత జాగ్రత్త పడాలి. ‘కార్నే (మాంసం) వద్దు’ అంటే చాలదు. ఆ మాటకు వాళ్లు ఎక్కువగా గొడ్డుమాంసం అని అర్థం చేసుకుని కోడిమాంసం వడ్డిస్తారు. నలిపి వేయించిన చిక్కుడు గింజల ముద్దలో తరచూ పందికొవ్వు కలుపుతారు, దాని పేరు మంతేకా. ఎర్రన్నం చాలాసార్లు కోడి రసంలో ఉడుకుతుంది. అందుకే ‘సిన్ మంతేకా, సిన్ కాల్దో దే పోయో’ (పందికొవ్వు వద్దు, కోడి రసం వద్దు) అని చీటీ రాసుకుని చూపించడం మేలు. రాజధానిలో కేసాదియా (కూరిక పెట్టి మడిచిన మొక్కజొన్న రొట్టె) అడిగితే జున్ను (చీజ్) లేకుండానే రావచ్చు, ‘కోన్ కేసో’ (జున్నుతో) అని చెప్పాలి. గుమ్మడిపువ్వుతో చేసిందీ, నోపాల్ అనే జెముడు మట్టలతో చేసిందీ పిల్లలు ఇష్టంగా తింటారు. పచ్చడి కారంగా ఉండదని వడ్డించేవాళ్లు చెప్పినా, ముందు పెద్దవాళ్లు రుచి చూడాలి.

కుళాయి నీళ్లు తాగకూడదు. పళ్లు తోముకోవడానికీ సీసా నీళ్లే వాడాలి. ధరల పలక మీద డాలరు గుర్తు కనిపిస్తే కంగారు పడొద్దు, మెక్సికో డబ్బు పెసోకూ అదే గుర్తు. 500 పెసోల నోటుకు చిన్న దుకాణాల్లో చిల్లర దొరకదు. మరుగుదొడ్ల దగ్గర నాణేలు కావాలి, వాడిన టాయిలెట్ కాగితాన్ని పక్కనున్న బుట్టలోనే వేయాలి.

తాగడానికి పిల్లలకు ‘ఆగ్వా దే హమైకా’ ఇప్పించండి. ఎర్రగోంగూర పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రని రేకలను ఎండబెట్టి, వేడినీటిలో నానబెట్టి, చక్కెర కలిపి చేసే పుల్లని పానీయం అది. శుద్ధి చేసిన నీళ్లతోనే చేశారా, ఐసు కూడా అలాంటిదేనా అని అడిగాకే గ్లాసు అందుకోండి.

ఇట్లు,
మీ పాఠకులు