మన ఇంటికి ఇంజన్ వచ్చింది మామా

తిరుపతి,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ మామా,

ఫోన్లో చెబితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. నాకేమో చెప్పాల్సింది బోలెడుంది. అందుకే అన్నం తిని, తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. బండి వచ్చేసింది! మనం కాలేజీ రోజుల నుంచీ కలలు కన్న మోటార్‌హోమ్, అదే ఇల్లూ ఇంజనూ ఒకటిగా ఉన్న బండి, ఇప్పుడు మా గేటు ముందర నిలబడి ఉంది. ఫోర్స్ ట్రావెలర్ వ్యాన్ మీద కట్టింది. తెల్ల రంగు, లోపల మనిషి తల వంచకుండా నిలబడేంత ఎత్తు. నిన్న సాయంత్రం వీధిలోకి మలుపు తిప్పగానే పిల్లలంతా వెంటపడ్డారు. వాళ్ళని లోపలికి ఎక్కించి, ఒక్కొక్కళ్ళకీ మంచం, పొయ్యి, సింకు చూపించేసరికి రాత్రి ఎనిమిదైంది. నాకసలు ఆకలే తెలియలేదు.

ఇన్నేళ్ళూ మనల్ని తిప్పిన పాత కారవాన్‌ని మాత్రం ఒక్క మాట అననివ్వను. బొలెరో వెనక తగిలించుకుని మైసూరు పోయాం, రామేశ్వరం పోయాం, నేలపట్టు పోయాం. లాడ్జి బేరాలు లేకుండా మన పరుపు మీద మనం పడుకోవడం అంటే ఏమిటో నేర్పింది అదే. కానీ దాని పని నీకు తెలుసు కదా. దిగిన ప్రతిచోటా కొక్కెం విప్పడం, లైట్ల వైరు పీకడం, గొలుసు తీయడం, ముందు చక్రం దించడం, నాలుగు మూలలా కాళ్ళు దింపి లెవెల్ చూడడం. పొద్దున లేచి మళ్ళీ అదంతా తిరగేసి చేయడం. వానలో ఆ పని చేసినవాడికే దాని సంగతి తెలుస్తుంది.

ఇక రోడ్డు మీద పెద్ద బస్సు పక్కనుంచి దూసుకుపోతే వెనక ట్రైలర్ ఊగడం మొదలుపెడుతుంది. సామాను బరువు ఇరుసుకి కాస్త ముందు పక్కన సర్దితే ఆ ఊగుడు తగ్గుతుంది. వెనక బరువెక్కితే పెరుగుతుంది. అప్పుడు స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదలాలి తప్ప గట్టిగా బ్రేకు తొక్కకూడదు. ఇదంతా నాకు అలవాటే. అయినా మొగిలి ఘాట్ దిగేటప్పుడు ప్రతిసారీ అరచేతులకి చెమట పట్టేది. ఇప్పుడా టెన్షన్ లేదు. ముందూ వెనకా ఒకే బండి. రివర్స్ చేసేటప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పితే వెనక భాగం అటే పోతుంది. ట్రైలర్‌కి అంతా తిరకాసు కదా! ఇన్నేళ్ళ తర్వాత మామూలుగా రివర్స్ చేయడం ఎంత హాయిగా ఉందో మాటల్లో చెప్పలేను.

అసలు కారణం వేరే ఉంది మామా. అమ్మ. లాగుకుపోయే కారవాన్‌లో మనిషిని కూర్చోబెట్టి బండి నడపకూడదు, అది ప్రాణాల మీదకి తెచ్చే పని. అందుకని మోకాళ్ళ నొప్పులతో అమ్మ బొలెరో వెనక సీట్లోనే గంటలు గంటలు కూర్చునేది. దారిలో బాత్రూమ్‌కి భయపడి పొద్దుటి నుంచీ నీళ్ళు తాగేది కాదు. మన ఆడవాళ్ళంతా ప్రయాణంలో చేసేది ఇదే కదా. దాహం వేసినా గొంతు తడుపుకుని ఊరుకుంటారు, మనం గమనించం కూడా. ఈ బండిలో ఏసీ కన్నా, టీవీ కన్నా, సోలార్ కన్నా గొప్ప వస్తువు ఏదంటే, వెనక మూల తలుపు పెట్టిన ఆ చిన్న టాయిలెట్టే అంటాను. కింద తీసి పెట్టే ప్లాస్టిక్ ట్యాంకు ఉంటుంది. దాన్ని బయటి నుంచి చిన్న తలుపు తెరిచి లాగి, సెప్టిక్ ట్యాంకు ఉన్న ఏ టాయిలెట్లోనైనా పోసేయొచ్చు. అమ్మ దాన్ని చూసి, తలుపు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, "ఇట్లాంటిది ముందే కొనుండకూడదా నాయనా" అంది. ఇప్పుడు కాశీ ఎప్పుడు పోదామని అడుగుతోంది.

నీకు లెక్కలంటే ఇష్టం కాబట్టి కరెంటు సంగతి రాస్తున్నా. లోపల రెండు లిథియం బ్యాటరీలు, ఒక్కోటి 200 యాంపియర్-అవర్. రెండూ కలిపి సుమారు 5 యూనిట్లు. పైకప్పు మీద 400 వాట్ల సోలార్ ప్యానెళ్ళు. మన ఎండకి రోజుకి ఒకటిన్నర యూనిట్ దాకా వస్తుంది. ఫ్రిజ్, లైట్లు, ఫ్యాన్లు, నీళ్ళ పంపు, ఫోన్ల ఛార్జింగ్‌కి అది ధారాళంగా సరిపోతుంది. ఏసీ మాత్రం గంటకి యూనిట్ దాకా లాగేస్తుంది, అంటే బ్యాటరీ మీద రాత్రంతా నడవదు. రాత్రికి ఏసీ కావాలంటే ఎవరింట్లోనో, రిసార్టులోనో ప్లగ్ అడగాలి. మే నెలలో తిరుపతిలో ఉండి ఏసీ కోసం ఏడవడం కన్నా కొండెక్కేయడం మేలని నా తీర్మానం.

నీళ్ళ ట్యాంకు 120 లీటర్లు. నిండా పోస్తే బండి 120 కిలోలు బరువెక్కినట్టే కదా, అందుకని ఘాట్ ఎక్కేటప్పుడు సగమే పోస్తాను. గ్యాస్ 5 కిలోల చిన్న సిలిండర్. దాన్ని పెట్టే అరకి అడుగున రంధ్రం పెట్టి ఉంది. వంట గ్యాస్ గాలి కన్నా బరువు కాబట్టి ఎప్పుడైనా లీకైతే లోపల నిలవకుండా కిందికి పోతుంది. ఈ ఒక్క రంధ్రం చూసే, బండి కట్టినవాడు పని తెలిసినవాడని నాకు నమ్మకం కుదిరింది.

కాగితాల గురించి నువ్వు పోయినసారి అడిగావు. మామూలు వ్యాన్ కొని మనకి తోచినట్టు లోపల చెక్కలు కొట్టేస్తే ఆర్‌సీకీ బండికీ పొంతన ఉండదు, రేపు ఇన్సూరెన్సు దగ్గర గొడవ. మోటార్ కారవాన్లకని వేరే ప్రమాణం ఉంది, ఏఐఎస్ 124 అంటారు. దాని ప్రకారం కట్టి, ఆర్‌సీలో మోటార్ కారవాన్ అని రాయించుకున్న బండినే తీసుకున్నా. లైసెన్సుకి కొత్తగా ఏమీ అక్కర్లేదు, 7,500 కిలోల లోపు బండికి మన కారు లైసెన్సే చాలు. అంత బరువులోపు కమర్షియల్ బండ్లకీ అదే చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా చెప్పేసింది. నువ్వు కూడా నడపొచ్చన్నమాట! అయితే బండి ఎత్తు అంకె డ్యాష్‌బోర్డు మీద చీటీ అంటించి పెట్టాను, నడిపే ముందు అది చూడాలి. ఊళ్ళో రైల్వే అండర్‌బ్రిడ్జిలు, చెట్ల కొమ్మలు, పెళ్ళి పందిళ్ళు, అన్నీ ఇప్పుడు తలెత్తి చూసుకుంటూ పోవాల్సిందే.

పొద్దున అలిపిరి పాదాల మండపం దగ్గర పూజ చేయించాం. గుమ్మడికాయ దిష్టి తీసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అమ్మ చేత కొబ్బరికాయ కొట్టించాం. పూజ చేసిన స్వామి కూడా లోపలికి తొంగి చూసి, బెర్తు ఎంత పొడవుందని అడిగాడు.

మొదటి ప్రయాణం హార్సిలీ కొండకి అనుకున్నాం. భాకరాపేట ఘాట్, పీలేరు, మదనపల్లె మీదుగా. 4 వేల అడుగులు దాటిన ఎత్తు, రాత్రి దుప్పటి లేనిదే పడుకోలేం. 1870 ప్రాంతంలో కడప కలెక్టర్ హార్సిలీ దొర అక్కడ వేసవి బంగళా కట్టుకున్నాడు. మన వాళ్ళకి మాత్రం అది ఎప్పటి నుంచో ఏనుగు మల్లమ్మ కొండే. హరిత రిసార్టు వాళ్ళని అడిగి, డబ్బు కట్టి, ఆవరణలోనే బండి పెట్టుకుందామని ఆలోచన. గాలిబండ మీద సాయంత్రం కూర్చుని, బండికొచ్చి రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి. నీ చెల్లెలు అప్పుడే ఊరిబిండి నూరి సీసాకెత్తేసింది.

లోపల నాకు అన్నిటికన్నా నచ్చింది ఏమిటో చెప్పనా? ముందు సీట్లు. బండి ఆపాక సీటు కింద లివర్ ఎత్తి, మోకాళ్ళు కొంచెం ముడుచుకుని తోస్తే, సీటు వెనక్కి తిరుగుతుంది. అంతే, డ్రైవర్ సీటు హాల్లో కుర్చీ అయిపోతుంది. ఎదురుగా మడత బల్ల, దాని మీద టీ గ్లాసులు. రోడ్డుకి వీపు, ఇంటికి మొహం. నిన్న రాత్రి వీధిలోనే, మా గేటు ముందరే, ముగ్గురం అట్లా కూర్చుని పదకొండింటి దాకా కబుర్లు చెప్పుకున్నాం. ఇంట్లోకి పోదామని ఎవరికీ అనిపించలేదు. నీ చెల్లెలు గ్లాసులు కడగడానికి కుళాయి తిప్పితే కింద నుంచి పంపు గుర్రుమంది. అమ్మ ఉలిక్కిపడి, తర్వాత పకపకా నవ్వింది. అమ్మ అట్లా నవ్వి చాలా రోజులైంది మామా.

1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లాండ్ డాక్టరు రెండు గుర్రాలు లాగే ఇల్లు కట్టించుకుని దానికి 'వాండరర్' అని పేరు పెట్టి ఇంగ్లండ్ నుంచి ఇన్వర్‌నెస్ దాకా తిరిగాడట. ఉన్న ఇంటిని వదల్లేక, ఊళ్ళు చూడకుండా ఉండలేక కొట్టుకుపోయే మనలాంటి వాళ్ళు అప్పుడూ ఉన్నారు చూడు. మన బండికి కూడా ఒక పేరు పెట్టాలి. ఆ పని నీకే వదిలేస్తున్నా.

పాత కారవాన్ ఏమైందంటావా? బంగారుపాళ్యం దగ్గర మా చిన్నాన్న మామిడి తోటకి చేరింది. తోతాపురి కాపు మొదలైతే రాత్రుళ్ళు కాపలా ఉండాలి కదా, ఆయనకి అందులో మంచం, ఫ్యాను, పొయ్యి అన్నీ దొరికాయి. చక్రాల కింద రాళ్ళు పేర్చి, పైన తాటాకులు కప్పించాడు. అమ్ముదామంటే నాకు మనసొప్పలేదు. మన మనిషి దగ్గరే ఉంది, చాలు.

ఇప్పుడు నీ సంగతి. కనుమ మర్నాడు నేలపట్టుకి పోదాం. ఆ నెలల్లో గూడబాతులు చెట్ల మీద గూళ్ళు కట్టుకుని ఉంటాయి. మీరు గుంటూరు నుంచి రైలెక్కి గూడూరులో దిగండి, నేను బండితో స్టేషన్‌కి వస్తా. బండిలో నలుగురికే పడక. లోపల అమ్మ, చెల్లెమ్మ, నీ చెల్లెలు పడుకుంటారు. మనిద్దరం బయట పందిరి కింద మడత మంచాలేసుకుందాం. ఏ రైలుకి టిక్కెట్లు దొరికాయో వెంటనే రాయి. వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి తెమ్మని చెల్లెమ్మకి చెప్పమంది అమ్మ, చిన్న సీసా కాదు, పెద్దదే.

నీ నేస్తం