విత్తనంతో పాటు నేల గురించీ రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

క్యాన్సర్ మీద వార్త వచ్చినప్పుడల్లా "కణాలు అదుపు తప్పి పెరుగుతాయి" అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తున్నారు, ఆ కణాల చుట్టూ ఏముంటుందో కూడా రాయమని అడగడానికే ఈ ఉత్తరం.

మా అమ్మకు పాంక్రియాస్ క్యాన్సర్ వచ్చింది. కీమో ఎందుకు పనిచేయడం లేదని అడిగితే డాక్టరు గారు బయాప్సీ ఫోటో చూపించారు. అందులో గులాబీ రంగులో పీచుపీచుగా ఉన్నదే ఎక్కువ, క్యాన్సర్ కణాలు మధ్యలో అక్కడక్కడా చిన్న చిన్న గుంపులుగా ఉన్నాయి. ఆ పీచంతా అమ్మ ఒంట్లోని ఫైబ్రోబ్లాస్టులనే మామూలు కణాలు అల్లినదేనట! అది బిగుసుకుపోయి రక్తనాళాలను నొక్కేస్తుంది, దాంతో నరానికి ఎక్కించిన మందు గడ్డ లోపలికి సరిగా చేరదు, క్యాన్సర్‌తో పోరాడాల్సిన టీ కణాలనే రక్షణ కణాలు కూడా చాలావరకు బయటే ఆగిపోతాయి.

క్యాన్సర్ కణాలే కాదు, వాటి చుట్టూ ఉన్నదీ ముఖ్యమే అన్న ఈ ఆలోచన పాతదే. విత్తనాలు గాలికి ఎటు కొట్టుకుపోయినా తగిన నేల దొరికితేనే మొలుస్తాయి కదా, రొమ్ము క్యాన్సర్ కూడా అలాగే కొన్ని అవయవాలకే ఎక్కువగా పాకుతుందని లండన్ సర్జన్ స్టీఫెన్ పాజెట్ 1889లోనే రాశాడు.

అలాగని ఆ పీచును తీసేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. 2014లో ఎలుకల్లో ఆ పీచును అల్లే ఫైబ్రోబ్లాస్టులను తగ్గించి చూస్తే క్యాన్సర్ ఇంకా మొండిగా తయారైంది, అంటే వాటిలో కొన్ని గడ్డను కట్టడి కూడా చేస్తున్నాయన్నమాట.

ఇవేమీ తెలియక ఆ రోజుల్లో నేను డాక్టర్లతో ఊరికే గొడవపడ్డాను, మందు నకిలీదేమో అని కూడా అనుమానించాను. మీ ఆరోగ్యం పేజీలో ఒక్క వారం దీనికి కేటాయించండి, వీలైతే అలాంటి బయాప్సీ ఫోటో ఒకటి పెద్దగా వేయండి.

- ఒక పాఠకుడు, ఖమ్మం