గేము ఆడే ప్రతివాళ్లూ బానిసలు కారు

సంపాదక మహాశయులకు,

ఇరవై రెండేళ్లు తిరుమల ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. మాది తిరుపతి బైరాగిపట్టెడ. మా అమ్మాయికి ఇరవై ఎనిమిదేళ్లు, ఒక ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. పోయిన నెలలో ఆమెను చూసుకోవడానికి ఒక సంబంధం వాళ్లు వచ్చారు. జాతకాలు కుదిరాయి, కాఫీలయ్యాయి. ఇల్లు చూస్తూ పెళ్లికొడుకు మేనమామ అమ్మాయి గదిలోకి తొంగిచూశారు. కంప్యూటరు బల్లకు బిగించిన స్టీరింగు, కింద పెడళ్లు కనిపించాయి. ఎవరివని అడిగితే, "నావేనండీ, గేములు ఆడతాను" అంది మా అమ్మాయి. రెండు రోజులకు మధ్యవర్తి ఫోను చేసి, "గేముల పిచ్చి ఉన్న పిల్ల సంసారం ఏం చేస్తుందంటున్నారు" అని చెప్పాడు.

సంబంధం తప్పిపోయినందుకు కాదు నా బాధ. నైట్ డ్యూటీ దిగి ఉదయం ఎనిమిదికి ఇంటికొచ్చి, వాళ్లమ్మకు ఇన్సులిన్ వేశాకే పడుకునే పిల్ల ఆమె. మా ఇంటి లోను సగం ఆమె జీతంతోనే తీరింది. సాయంత్రం డ్యూటీకి పోయేలోగా ఒక గంట ఆడుకుంటుంది. ఆ గంటను పట్టుకుని మిగతా ఇరవై మూడు గంటలనూ కొట్టిపారేశారు.

మొదట్లో నేనూ కసురుకున్నాను. ఒకరోజు వెనక నిలబడి చూశాను. యూరో ట్రక్ సిమ్యులేటర్ అనే ఆట అది. సరుకెత్తిన లారీని ఊళ్లు, దేశాలు దాటించి టైముకి చేర్చాలి. కొండ దిగుతూ మాటిమాటికీ బ్రేకు తొక్కుతోంది, బ్రేకులకు పనిచేసే గాలి ప్రెషర్ పడిపోతోంది. ఉండబట్టలేక, "ఎక్కే గేరులోనే దిగాలమ్మా, బండిని ఇంజనుతో పట్టుకో" అన్నాను. 1944లో వేసిన మొదటి ఘాట్‌లో బస్సు దించేటప్పుడు మా సీనియర్లు నాకు నేర్పిన మాట. గేరు తగ్గించింది, లారీ లొంగింది. వెనక్కి తిరిగి, "రోజుకు ఎన్నిసార్లు ఇట్లా దించేవాడివి నాయనా?" అని అడిగింది. నా ఉద్యోగం గురించి నా బిడ్డ అట్లా అడగడం అదే మొదటిసారి. ఇప్పుడు ఆదివారాలు నేనూ ఆ స్టీరింగు పడుతున్నాను.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. ఆన్‌లైన్ రమ్మీలో డబ్బు పోగొట్టుకుని అప్పులపాలైనవాడి వార్తకు కూడా "గేములకు బానిసై" అని హెడ్డింగు పెడుతున్నారు. అది జూదం. జూదమనే రాయండి. పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బు ఆటలను వద్దంది, ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీలుగా ఆడే వీడియో గేములను మాత్రం క్రీడగా గుర్తించింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో వీడియో గేములను పతకాల లెక్కలోకి రాని ప్రదర్శన పోటీగా పెడితే మన దేశపు తీర్థ్ మెహతా కాంస్యం గెలిచాడు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో అవి పతకాల పట్టికలోకే ఎక్కాయి. చట్టానికి తెలిసిన తేడా హెడ్డింగులో పోతే ఎట్లా?

వ్యసనం లేదని నేననను. బడి మానేసి ఫోనుకు అతుక్కుపోయిన పిల్లాడు మా వీధిలోనే ఉన్నాడు, వాడిని డాక్టరుకు చూపించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని జబ్బుల జాబితాలో చేర్చింది. అయితే ఆట మీద అదుపు తప్పాలి, మిగతా పనులన్నిటికంటే ఆటే ఎక్కువ కావాలి, నష్టం కళ్లకు కనబడుతున్నా ఆపలేకపోవాలి, మామూలుగా ఇదంతా ఏడాదిపాటు సాగాలి అని లక్షణాలు చెప్పింది. గదిలో స్టీరింగు కనబడితే చాలనలేదు.

డ్రైవరంటే తాగుబోతే అని ఒకప్పుడు నాకు పిల్లనివ్వడానికి చంద్రగిరిలో మా మామగారు ఆరు నెలలు వెనకాడారు. నేను జన్మలో చుక్క ముట్టలేదు. అప్పుడు నాకు తగిలిన మాట ఇప్పుడు నా కూతురికి తగిలింది కాబట్టి పెన్ను పట్టాను.

వచ్చే ఆదివారం ఇంకో సంబంధం వాళ్లు వస్తున్నారు. స్టీరింగు తీసి అటక మీద పెట్టమని మా ఆవిడ అంటోంది. నేను వద్దన్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు,
బైరాగిపట్టెడ, తిరుపతి