బెంచీలు సరే, సైరన్ మాటేమిటి?

సంపాదకుల వారికి,

ఫలానా విదేశీ కంపెనీ ఫ్యాక్టరీ వాళ్లు బడికి బెంచీలిచ్చారని, ఊళ్లో మంచినీళ్ల ప్లాంట్ పెట్టించారని జిల్లా పేజీల్లో ఫొటోలు తరచూ వస్తుంటాయి. ఇవ్వనివ్వండి, ఎవరూ వద్దనరు. కానీ ఆ ఫ్యాక్టరీ ట్యాంకుల్లో ఏముందో, కిందటి తనిఖీలో ఏం తేలిందో ఆ ఫొటో కింద ఒక్క ముక్క కూడా ఉండదు. సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) పనులు చేస్తున్నారంటే భద్రత కూడా బాగానే చూసుకుంటున్నారని జనం అనుకుంటారు. రెండిటికీ సంబంధం లేదు. లాభాల్లో 2 శాతం ఖర్చుపెట్టమనే కంపెనీల చట్టం సీఎస్‌ఆర్ నిబంధనల్లోనే, కంపెనీ తన వ్యాపారంలో భాగంగా చేసుకునే పని (ఫ్యాక్టరీ భద్రత అలాంటిదే) ఆ లెక్కలోకి రాదని స్పష్టంగా ఉంది.

మా విశాఖ వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. 2020 మే 7న తెల్లారకముందే ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురాన్ని కమ్మేసింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే 12 మంది పోయారు. ఎల్‌జీ పాలిమర్స్ దక్షిణ కొరియాలోని ఎల్‌జీ కెమ్‌కు అనుబంధ సంస్థ. చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని అంతకు ఏడాది ముందే, 2019 మేలో, ఆ సంస్థే అఫిడవిట్‌లో రాసిచ్చింది. అయినా ఉత్పత్తి ఆగలేదు. ఈ ప్రమాదంపై రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదిక చదివితే ఒళ్లు మండుతుంది. స్టైరీన్‌ను చల్లగా ఉంచాల్సిన యంత్రాన్ని సాయంత్రం 5 గంటలకల్లా ఆపేసేవారట. ట్యాంకు అడుగున తప్ప పైన వేడి ఎంతుందో చూసే సాధనమే లేదు. ఫ్యాక్టరీలో 36 చోట్ల సైరన్ మోగించే వీలుండి కూడా ఆ రాత్రి ఒక్కటీ మోగలేదు. వీటిలో కోట్లు పోసి తేవాల్సిన టెక్నాలజీ ఏముంది?

ప్రమాదం జరగ్గానే మాతృసంస్థలు పాడే పాట ఒకటే: మేం వేరు, అక్కడి కంపెనీ వేరు. భోపాల్ గ్యాస్ దుర్ఘటనలో, అక్కడి కంపెనీలో 50.9 శాతం వాటా ఉన్న అమెరికా సంస్థ యూనియన్ కార్బైడ్ కూడా ఇదే వాదించింది. ఈ వాదన అన్నిచోట్లా చెల్లడం లేదు. జాంబియాలో రాగి గని కాలుష్యంపై ఊళ్లవాళ్లు వేసిన కేసులో, మాతృసంస్థ అయిన గనుల కంపెనీ వేదాంతపై లండన్‌లోనే దావా నడపొచ్చని 2019లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. గ్రూపు మొత్తానికి పర్యావరణ ప్రమాణాలు తామే చూస్తామని వేదాంత తన నివేదికల్లో గొప్పగా రాసుకున్న మాటల్నే కోర్టు పట్టుకుంది. ఆ గ్రూపు అధిపతి మన దేశస్థుడే! కాబట్టి ఇది విదేశీ, స్వదేశీ గొడవ కాదు.

ఫ్యాక్టరీల చుట్టుపక్కల జనం భద్రత కోసం కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల జనానికి ముందే చెప్పాలని, మాక్ డ్రిల్స్ (ప్రమాదం జరిగినట్టే చేసి చూసే కసరత్తు) జరపాలని 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలే చెబుతున్నాయి. మా చుట్టుపక్కల ఎవరినైనా అడగండి, డ్రిల్ అంటే ఏమిటని ఎదురడుగుతారు. జిల్లాలో ఏ ఫ్యాక్టరీ ఈ ఏడాది ఎప్పుడు డ్రిల్ చేసిందో, ఏ రసాయనం ఎంత నిల్వ ఉంచుతోందో కలెక్టర్ గారు తెలుగులో బయటపెట్టాలి. డ్రిల్ చేయని వాటి పేర్లు మీ పత్రిక అచ్చువేయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, గోపాలపట్నం, విశాఖపట్నం