సెలైన్ పెట్టెలకు మెట్ల కింద చోటా?

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగమంతా మందుల స్టోర్లలోనే గడిచింది కాబట్టి ఏ ఆసుపత్రికి వెళ్లినా నా చూపు ముందు సెలైన్ పెట్టెల మీదికే పోతుంది. ఈ ఏప్రిల్‌లో మా కోడలి కాన్పుకని అనంతపురంలోనే ఒక ఆసుపత్రికి వెళ్లాను. పేరు రాయను, అక్కడొక్కచోటే ఇలా ఉందని నేననుకోను. మెట్ల కింద, తడి బండల మీద, తుడుపు బకెట్ పక్కన సెలైన్ పెట్టెలు పేర్చి ఉన్నాయి. పైవరుస మీద మధ్యాహ్నపు ఎండ నేరుగా పడుతోంది.

సీసా మీద చిన్న అక్షరాల్లో 30 డిగ్రీల లోపు ఉంచమని రాసి ఉంటుంది. మన ఊళ్లో వేసవిలో నీడపట్టునే 40 దాటుతుంది! ఒక్క పూట ఎండకు సెలైన్ పాడైపోదు, నిజమే. వారాల తరబడి అలాగే ఉంటే ప్లాస్టిక్ గుండా నీరు కొద్దికొద్దిగా ఆవిరవుతుంది, డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) సీసా అయితే రంగు మారవచ్చు. తడికి అట్టపెట్టె మెత్తబడి కూలితే అడుగు సీసాలు నలుగుతాయి. సూదిమొనంత చిల్లు పడినా లోపలికి క్రిములు చేరతాయి. ఏసీ గదులు అడగడం లేదు. గాలి ఆడే గది, నేలకు ఎత్తుగా చెక్క బల్లలు, గోడకో థర్మామీటరు, రోజూ రాసే ఒక పుస్తకం చాలు.

వార్డులో ఇంకో అలవాటు ఉంది. డ్రిప్ సరిగా పడకపోతే సీసా అడుగున సూది గుచ్చుతారు, గాలి కోసం. వార్డులోని దుమ్మూ ఆ దారినే పోతుంది. గాలి వడపోసే డ్రిప్ సెట్లు, అంటే సీసాకు తగిలించే గొట్టాలు, దొరుకుతాయి కదా! సిస్టర్లను అనడం లేదు. ఇండెంట్‌లో, అంటే వార్డుకు కావాలని స్టోరుకు రాసిన జాబితా మీద, రాని సెట్‌ను వాళ్లెక్కడి నుంచి తెస్తారు?

2024 నవంబరులో పక్కనే బళ్లారిలో బాలింతలు చనిపోయినప్పుడు వాళ్లకు ఎక్కించిన రింగర్ లాక్టేట్ (సెలైన్ లాగే నరంలోకి ఎక్కించే ద్రవం) మీద అనుమానం వచ్చింది. అక్కడ ప్రశ్న సరుకు నాణ్యత గురించి, నిల్వ గురించి కాదు. అయినా అలాంటి రోజున ఏ బ్యాచ్ సీసా ఎవరికి ఎక్కిందో వెంటనే తేలాలి. మా కోడలి కేసు షీటులో ఎన్ని సీసాలు పెట్టారో ఉంది, బ్యాచ్ నంబరు లేదు. అది రాయడానికి అర నిమిషం పట్టదు.

మందుల షాపుల్లో ఫ్రిజ్ తెరిచి చూసే డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు వచ్చే వేసవిలోగా ఆసుపత్రుల స్టోర్లు, మెట్ల కింద చోట్లు కూడా తనిఖీ చేయాలని జిల్లా అధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఫార్మసిస్టు, పాతూరు, అనంతపురం